ఏ ప్రెసిడెంటుగారు?

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి డిటెక్టివ్ కృపారావు జగ్గయ్యపేట పోలీసుస్టేషన్ మెట్లెక్కేసరికి, నిందితురాలు బల్లమీద కూర్చుని కానిస్టేబులు రాసిన రిపోర్టులో తప్పులు దిద్దుతోంది.

“‘ధర్యాప్తు’ కాదు నాయనా, ‘దర్యాప్తు’. ఆ వత్తు తీసెయ్. నన్ను జైల్లో పెడితే పెట్టారు గానీ, తప్పుల్లేకుండా పెట్టండి.”

“అట్టాగే పంతులమ్మగారూ,” అని కానిస్టేబులు బుద్ధిగా వత్తు కొట్టేశాడు. ఆమె పేరు భారతీదేవి. యాభై ఎనిమిదేళ్ళు. ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఇప్పుడు మూడేళ్ళుగా ఊరికి సర్పంచ్. సర్పంచ్ అన్నది కాగితాల మీది మాట. ఈ ప్రాంతంలో పంచాయతీ పెద్దని ప్రెసిడెంటనే అంటారు. ఆ ప్రెసిడెంటన్న మాటే ఇప్పుడు ఆమెని పట్టుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది.

జరిగింది ఇదీ. నిన్న సోమవారం తెల్లవారి అయిదూ నలభైకి కూరగాయల మార్కెట్ పక్కనున్న నీళ్ళ ట్యాంకు పగిలి ఒక పక్కగా కూలిపోయింది. కూరగాయలవాళ్ళు గంపలతో దిగేది ఆరింటికి. ఇరవై నిమిషాలు తేడా వచ్చి ఉంటే ఊరంతా ఏడవాల్సి వచ్చేది. దెబ్బ తగిలింది ఒక్కడికే, పంపు ఆపరేటరు బాలస్వామికి. ఫిబ్రవరి నుంచీ ట్యాంకుని సగానికి మించి నింపకూడదని భారతీదేవి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చింది, అడుగున రెండు వేళ్ళు దూరేంత పగులుందని. అయినా ఆదివారం రాత్రి అది అంచుదాకా నిండింది. శిథిలాల కింద నుంచి బాలస్వామిని బయటికి లాగినప్పుడు అతను పోలీసులతో ఒక్కటే మాటన్నాడు.

“ప్రెసిడెంటుగారు నింపమన్నారు.”

ఆ తర్వాత స్పృహ తప్పింది, ఇప్పటిదాకా రాలేదు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ సుబ్బరాయుడు ఆ మాట రాసుకుని తిన్నగా భారతీదేవి ఇంటికి వెళ్ళాడు. ఈ రోజు పదకొండున్నరకి నందిగామ మేజిస్ట్రేటు ముందు ఆమెని హాజరుపరచాలి. ఈలోగా బాలస్వామి ప్రాణం పోతే కేసు ఇంకా పెద్దదవుతుంది. జీపు బయల్దేరేది పదింటికి. అంటే, ఆమె పాత విద్యార్థినులు బెజవాడ నుంచి పిలిపించిన కృపారావు చేతిలో ఉన్నది రెండు గంటలు.

“ఆదివారం సాయంత్రం ఎక్కడున్నారండీ?” అనడిగాడు, కుర్చీ లాక్కుని.

“వేదాద్రి గుడికి వెళ్ళా. నాలుగింటి బస్సుకి వెళ్ళి తొమ్మిదింటికి వచ్చా. బస్సులో నాతో పాటు పదిమంది ఉన్నారు.”

“కబురు పంపి ఉండొచ్చంటాడు ఇన్‌స్పెక్టరు. సోమవారం పొద్దున పైనుంచి పార్టీ పెద్దాయన వస్తున్నాడు కదా, ఆయన ముందు కొళాయిలు ధారగా పారాలని మీకు సరదా పుట్టిందంటాడు.”

భారతీదేవి కళ్ళజోడు తీసి చూసింది. ఆ చూపుకి కృపారావు తనకి తెలియకుండానే నిటారుగా కూర్చున్నాడు.

“నేను ఆయన ముందు ఖాళీ బిందెలతో నాలుగొందల మంది ఆడవాళ్ళని నిలబెడదామనుకున్నా. కొళాయి తిప్పితే గాలి వస్తుందయ్యా, వినండి, అందామనుకున్నా. ట్యాంకు కిందికి తీసుకెళ్ళి ఆ పగులు చూపిద్దామనుకున్నా.”

“ఆ సంగతి ఎవరికి తెలుసు?”

“శుక్రవారం పార్టీ ఆఫీసులో నేనే చెప్పా. జగన్నాథరావుగారి మొహం మాడిపోయింది.”

జగన్నాథరావంటే ఈ ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ పార్టీకి పెద్ద తలకాయ. మూడేళ్ళ కిందట ఆ పార్టీలోని రెండు వర్గాలూ ఒక మనిషి మీదికి రాలేక, ఎవరికీ పోటీ కాదని ఈ రిటైర్డ్ టీచరుని నిలబెట్టాయి. చూపించిన చోట సంతకం పెడుతుందిలే అనుకున్నారు. ఆమె మాత్రం చదివి పెట్టడం మొదలెట్టింది. అక్కడ చెడింది.

“ట్యాంకు రిపేరు కోసం తొమ్మిదిసార్లు మీటింగు పెట్టా,” అంది భారతీదేవి. “తొమ్మిదిసార్లూ కోరం లేదు. మెంబర్లంతా ఎక్కడో లేరు, జగన్నాథరావుగారి వసారాలో కాఫీ తాగుతూ ఉంటారు. ఆయన తలూపితే వస్తారు, లేకపోతే లేదు. మార్కెట్ రేకులు ఎగిరిపోయినా అంతే, కాలవలు పూడిపోయినా అంతే. ధాన్యం వ్యాపారులు ఒక్కొక్కళ్ళే బెజవాడ వెళ్ళిపోతున్నారు. కోపం నామీద, శిక్ష ఊరికి. ఇదీ వరస.”

“అయితే నింపించింది ఆయనే అంటారా?”

“నేనేమీ అనను. చూడంది చెప్పకూడదని పిల్లలకి నేర్పిన దాన్ని.”

అదీ చిక్కు. జగన్నాథరావుకి అవసరం ఉంది. భారతీదేవికి లేదు. కానీ బాలస్వామి నోట్లోంచి వచ్చింది మాత్రం ప్రెసిడెంటుగారన్న మాట. ఆ మాట ఉన్నంతసేపూ ఏ మేజిస్ట్రేటూ మిగతాది వినడు.

ఎనిమిదీ నలభైకి కృపారావు ఆస్పత్రిలో ఉన్నాడు. తలకి కట్టు, కాలికి కట్టుతో బాలస్వామి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఊపిరి సమంగానే ఆడుతోంది. స్పృహ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నాడు డాక్టరు. మంచం పక్కన నేలమీద అతని భార్య ఏసురత్నం, ఒళ్ళో బైబిలు పెట్టుకుని కూర్చుని ఉంది.

“బయటికి లాగినప్పుడు నువ్వు అక్కడే ఉన్నావా అమ్మా?”

“ఉన్నానండి. మట్టి కూడా నేనే లాగా.”

“ఏమన్నాడు? అన్నది అన్నట్టు చెప్పు.”

“ప్రెసిడెంటుగారు నింపమన్నారు, అన్నాడండి. అంతే. ఇంకోమాట లేదు.”

“ఆదివారం సాయంత్రం పంపుగదికి ఎవరన్నా వచ్చారా?”

“నాకు తెలవదండి. ఆరింటికి చర్చిలో ప్రేయరుకెళ్ళి ఎనిమిదింటికొచ్చా. వచ్చేతలికి ఈయన తాళంచెవులు పట్టుకుని కూర్చోనున్నాడు. అన్నం తిందువు రా అంటే, ఇయ్యాల పని ఎక్కువుందే, నువ్వు తినేసి పడుకో అన్నాడు.” ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “పెద్ద పంతులమ్మగారిని స్టేషన్లో కూర్చోబెట్టారంటగా సారూ? ఆమె మా పిల్ల దేవమణికి చదువు చెప్పింది. మాట కటువు గానీ మనిషి బంగారం. ఈయనకి ఆమంటే హడలు. సగం గుర్తు దాటనిచ్చానంటే పెద్ద పంతులమ్మగారు గోడకుర్చీ ఏయిస్తారే అని నవ్వేవాడు.”

“మరి ఆమే నింపమందంటున్నారు కదా?”

“అదే నాకూ అర్థం గావట్లేదండి.”

కృపారావు లేచాడు. ఆమె మాటల్లో ఏదో ఒకటి సరిగ్గా అతకలేదు. ఆమె అబద్ధం చెప్పడం లేదు, అంతవరకు ఖాయం. ఏమిటి అతకనిదన్నది మాత్రం తేలలేదు. వాచీ చూసుకుంటే తొమ్మిదయింది.

పంపుగది దగ్గర సుబ్బరాయుడు ముందే ఉన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచిలో ట్రెయినింగయిన వాళ్ళు. కృపారావు ఆరేళ్ళ కిందట ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి బెజవాడలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాడు. సుబ్బరాయుడు ఉండి ప్రమోషను తెచ్చుకున్నాడు. ఎవరు తెలివిగల పని చేశారన్నది ఇద్దరి మధ్యా ఇంకా తేలలేదు.

“ఏం కృపా, వాసన పట్టేశావా?” అన్నాడు సుబ్బరాయుడు. “ఇక్కడ చూసేదేం లేదు. అన్నీ నిన్ననే చూశా.”

“నువ్వు చూసినవే చూస్తా. తలుపు దగ్గర అడ్డం తప్పుకో.”

ట్యాంకు కూలింది అవతలి పక్కకి. పంపుగది వసారా పోయింది గానీ గది నిలిచే ఉంది. గోడ మీద సుద్దముక్కతో గీసిన నిలువు గీతలు వరసలు వరసలుగా ఉన్నాయి. పంపు తిరిగిన ఒక్కో గంటకి బాలస్వామి ఒక్కో గీత గీస్తాడు. కృపారావు వేలితో లెక్కపెట్టాడు. ఫిబ్రవరి నుంచీ ఏ వరస చూసినా మూడే గీతలు. మూడు గంటలంటే సగం ట్యాంకు. ఆదివారం వరసలో ఆరున్నాయి. తొందరలో గీసినవి కావు, ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా ఉన్నాయి.

“నిద్రపోయి పంపు మర్చిపోలేదన్నమాట,” అన్నాడు కృపారావు.

“నేనేం కాదన్నానా? ప్రెసిడెంటు నింపమంది, నింపాడు.”

స్టార్టరు పక్కన మేకుకి ఎర్రగుడ్డ కట్టి ఉండాలి. సగమే నింపాలన్న గుర్తుకి భారతీదేవి స్వయంగా కట్టించిన గుడ్డ అది. ఇప్పుడది విప్పి, నాలుగు మడతలు పెట్టి గూట్లో ఉంది. కృపారావు దాన్ని చూసి వదిలేశాడు. అతని కళ్ళు మూలనున్న పార్టీ జెండాల కట్ట మీద పడ్డాయి. అరవైదాకా వెదురు కర్రలు, కొత్త గుడ్డ, కొబ్బరితాడు.

“ఇవెక్కడివి?”

“మీటింగువి. పార్టీ వాళ్ళు పెట్టుకునుంటారు. చెత్త.”

“ఈ గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?”

“బాలస్వామి దగ్గర.”

కృపారావు గూట్లోని రిజిస్టరు తీసి తిరగేశాడు. “శనివారం దాకా ఈ గదిలో జెండాల్లేవు. శనివారం పొద్దున పంచాయతీ ఓవర్‌సీర్ వచ్చి చూసి వెళ్ళాడు, రిజిస్టర్లో గదిలోని ప్రతి వస్తువూ రాశాడు. అంటే శనివారం తర్వాతే బాలస్వామి ఎవరికో తలుపు తీసి, జెండాలు పెట్టించుకున్నాడు. ఆ వచ్చినవాళ్ళు భారతీదేవి మనుషులు కారు. పార్టీ వాళ్ళు. నువ్వు వాళ్ళనెవరినన్నా అడిగావా?”

కృపారావు కట్ట పక్కన వంగి అట్టముక్కలు రెండు తీశాడు. ఒకటి జెండాలకే కట్టి ఉంది. రెండోది తాడుతో సహా నేలమీద పడి ఉంది, దాని తాలూకు కట్ట లేదు. రెండింటి మీదా ఒకే పెన్సిల్ రాత.

‘పేట. జెండాలు 60. మైకు. కొళాయి నీళ్ళు రోజంతా.’

‘నందిగామ. జెండాలు 60. మైకు. కొళాయి నీళ్ళు రోజంతా.’

“చూశావా,” అన్నాడు కృపారావు. “నీళ్ళు కూడా జెండాలతో పాటు ఏర్పాట్లలో చేరాయి.”

“అట్టముక్క మీద పేరుందా? సంతకముందా? నాకు సాక్షి మాట ఉంది. నీకు అట్టముక్కుంది.” సుబ్బరాయుడు విసుగ్గా వాచీ చూసుకున్నాడు. “ఇక చాల్లే. పదింటికల్లా పంతులమ్మగార్ని బయల్దేరదియ్యాలి. ప్రెసిడెంటుగారు పొద్దున్నుంచి రెండుసార్లు ఫోన్ చేశారు, ఆలస్యం చెయ్యొద్దని.”

కృపారావు చేతిలోని అట్టముక్క అక్కడే ఆగిపోయింది.

“ఎవరు ఫోన్ చేశారు?”

“చెప్పాగా. ప్రెసిడెంటుగారు.”

“ఆవిడ నీ స్టేషన్లో బల్లమీద కూర్చుని ఉంది కదయ్యా. తనని తొందరగా కోర్టుకి లాక్కెళ్ళమని తనే ఫోన్ చేసిందా?”

“ఆవిడ కాదు! జగన్నాథరావుగారు. పదిహేనేళ్ళు పంచాయతీ ప్రెసిడెంటుగా చేశారు, ఇప్పుడు పార్టీ ప్రెసిడెంటు, ఊళ్ళో అందరూ ఆయన్నే అలా...”

సుబ్బరాయుడికి తను అన్నది తన చెవినే పడింది.

“అందరూ ఆయన్నే అలా అంటారు,” కృపారావు పూర్తిచేశాడు. ఆస్పత్రిలో అతకని మాట ఇప్పుడు చక్కగా అతికింది. “నువ్వూ అంటావు. మరి భారతీదేవిని ఏమంటారు? ఇప్పుడే అన్నావు, పంతులమ్మగారని. ఏసురత్నం ఇందాక రెండుసార్లంది, పెద్ద పంతులమ్మగారని. నీ కానిస్టేబులూ అంతే. మూడేళ్ళయింది ఆవిడ ఆ కుర్చీలో కూర్చుని, కుర్చీ అయితే వచ్చింది గానీ పిలుపు రాలేదు. ఆ పిలుపు జగన్నాథరావు తన దగ్గరే పెట్టుకున్నాడు. బాలస్వామి ఆవిడ గురించి చెప్పాలంటే పంతులమ్మగారు అనేవాడు. వాడు చెప్పింది ఆవిడ పేరు కాదు, సుబ్బరాయుడూ. నువ్వు రాసుకున్నది ఆవిడ పేరు.”

“నింపమన్నారు అన్నాడు...”

“మన భాషలో మర్యాదగా ‘అన్నారు’ అంటే మగో ఆడో తెలియదు. గారు అన్నా తెలియదు. నువ్వు స్టేషన్ కాగితంలో ప్రెసిడెంటు ఎవరని చూశావు, వాడు ఊరి నోట్లో ప్రెసిడెంటు ఎవరో వాణ్ణి చెప్పాడు.”

సుబ్బరాయుడు టోపీ తీసి, మొహం తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పాపం అతను చెడ్డవాడేం కాదు. పైవాళ్ళ ఫోన్‌కి అలవాటుపడిన మనిషి.

“కోర్టులో ఇది నిలబడదు, కృపా. ఆయన కాదంటే చాలు.”

“కోర్టు తర్వాత. ముందు ఈ రెండో అట్టముక్క చూడు. ఈరోజు నందిగామలో మీటింగు ఎన్నింటికి?”

“పదకొండింటికి. నిన్న ఇక్కడ రద్దయింది గానీ అక్కడిది మామూలే. పెద్దాయన వస్తున్నాడు.”

“ఎక్కడ?”

“ట్యాంకు పక్కన మైదానంలో...” సుబ్బరాయుడి మొహంలో రంగు మారింది. “ఇక్కడ కూలిందని తెలిసి కూడా అక్కడ నింపడం ఆపడంటావా?”

“ఎలా ఆపుతాడు? ఆపమని కబురు పంపితే, నింపమన్నది తనేనని ఒప్పుకున్నట్టేగా!”

వైర్‌లెస్‌లో నందిగామ పలకలేదు. సిబ్బంది అంతా బందోబస్తులో ఉన్నారు. ట్రంకాల్ బుక్ చేస్తే గంట పడుతుందన్నారు. తొమ్మిదీ యాభైకి జీపు స్టేషన్ ముందు ఆగింది, భారతీదేవిని ఎక్కించుకుని హైవే పట్టింది. సుబ్బరాయుడు తనే నడిపాడు.

“నందిగామ ట్యాంకు సంగతి మీకేమన్నా తెలుసాండీ?” అనడిగాడు కృపారావు వెనక్కి తిరిగి.

“ఒకే కాంట్రాక్టరు, ఒకే ఏడాది, ఒకే సిమెంటు,” అంది భారతీదేవి. “ఇక్కడ చూసిన ఇంజనీరే అక్కడా చూశాడు. దాని అడుగున కూడా పగులుందని వాళ్ళకీ రాశాడు. ఎందుకడుగుతున్నారు?”

కృపారావు చెప్పాడు. ఆమె కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుస్తూనే ఉంది. సుబ్బరాయుడు లారీల్ని దాటిస్తూ మధ్యమధ్య వైర్‌లెస్ అందుకుని అరిచాడు. జవాబు లేదు. కృపారావు మీటింగు మొదలయ్యే టైము, జీపు వేగం మనసులో కూడుతూ తీసేస్తూ కూర్చున్నాడు. భయం వేసింది. పోలీసు ఉద్యోగంలో తుపాకీ ముందు నిలబడ్డప్పుడు కూడా ఇంత వేయలేదు.

పదీ ముప్ఫై అయిదుకి మైదానంలోకి మలుపు తిరిగారు. మే నెల ఎండ. మైదానంలో నీడన్నది ఒక్కచోటే ఉంది, ట్యాంకు కింద. చంకన పిల్లలతో రెండొందల మంది ఆడవాళ్ళు ఆ నీడలో కిక్కిరిసి కూర్చున్నారు. వేదిక మీద మైకు గరగరలాడుతోంది.

“లాఠీ తీశావంటే తొక్కిసలాటవుతుంది,” అన్నాడు కృపారావు.

“మీరిద్దరూ తప్పుకోండి,” అంది భారతీదేవి. జీపు దిగి, తిన్నగా ట్యాంకు కిందికి నడిచి, మూడుసార్లు చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు విని ఇరవై తొమ్మిదేళ్ళపాటు ఎన్ని వందలమంది పిల్లలు నోరు మూసుకున్నారో. “లేవండి! చంటిపిల్లల తల్లులు ముందు. ఈ వరస నా వెనక. ఆ కల్యాణమండపం అరుగు మీదికి. మాట్లాడకూడదు!”

ఎందుకని ఒక్కరూ అడగలేదు. లేచారు. వరస కదిలింది.

కృపారావు పంపుగదికి పరుగెత్తాడు. గుమ్మంలో నెరిసిన మీసాల మనిషి ఒకడు బీడీ కాలుస్తున్నాడు. ఆపరేటరు ఆశీర్వాదం.

“ట్యాంకులో నీళ్ళెంత? తొందరగా చెప్పు!”

“సగానికి తక్కువేనండి. ఏం?”

కృపారావు గోడకి ఆనుకున్నాడు. హమ్మయ్య అన్న మాట పైకే అనేశాడు.

“నిన్ను నింపమనలేదా?”

“అనకేమండి! ఆదివారం సాయంత్రం ఒకాయనొచ్చి, ప్రెసిడెంటుగారు ట్యాంకు నింపమన్నారు అన్నాడు. ఏ ప్రెసిడెంటుగారండీ అన్నా. ప్రెసిడెంటుగారయ్యా అన్నాడు మళ్ళా. మా ప్రెసిడెంటుగారు కూతురింటికెళ్ళి పది రోజులయిందండి. ఊళ్ళో లేని మనిషి ఎట్టా చెప్తారు? నోటిమాట కుదరదు, కాయితం ఉంటేనే అన్నా. ఆయన కోపంగా ఎళ్ళిపోయి, రోడ్డు మీద కారులో కూర్చున్న పెద్దమనిషి దగ్గర రాయించుకొచ్చాడు.”

“ఏదీ ఆ కాగితం?”

“సంతకం చూస్తే మా ప్రెసిడెంటుగారిది కాదండి. అందుకని నింపలా. కాయితం మాత్రం దాచిపెట్టా, రేపు మామీదికొస్తే చూపిద్దామని.”

చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. కృపారావు విప్పి చదివాడు. వెనకే వచ్చిన సుబ్బరాయుడు భుజం మీదుగా చదివాడు.

‘పంపు ఆపరేటరుకు. సోమవారం రాత్రి ట్యాంకు పూర్తిగా నింపవలెను. పేటలో ఈ రాత్రికే నింపమని నేనే చెప్పి వచ్చాను. ఇక్కడ కూడా అడ్డు చెప్పరాదు. ఇట్లు, జగన్నాథరావు, ప్రెసిడెంటు. ఆదివారం సా. 7-40.’

“ఏసురత్నం చర్చిలో ఉన్న టైములో పేటలో చెప్పాడు,” అన్నాడు కృపారావు. “కారులో ముప్పావుగంట. ఏడూ నలభైకి ఇక్కడ. తేదీ, టైము, సంతకం అన్నీ తనే వేసుకున్నాడు. పేటలో ఆ ఒక్క మాట చాలింది, బాలస్వామి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. ఇక్కడ అదే మాటకి ఆశీర్వాదం, ఏ ప్రెసిడెంటుగారండీ, అన్నాడు. అంతే తేడా.”

సుబ్బరాయుడు ఆ కాగితాన్ని రెండోసారి చదివాడు. అది జేబులో పెట్టుకుంటే తన ట్రాన్స్‌ఫర్ ఆర్డరు కూడా అదే జేబులో పెట్టుకున్నట్టేనని అతనికి తెలుసు. అయినా జేబులో పెట్టుకుని, గుండీ వేశాడు.

జీపు దగ్గరికి వచ్చేసరికి వైర్‌లెస్ పలుకుతోంది. పేట స్టేషన్ నుంచి. బాలస్వామి కళ్ళు తెరిచాడు. డాక్టరు గండం గడిచిందన్నాడు. భార్యతో ఒకటే మాటన్నాడట.

“ఏమన్నాడు? అన్నది అన్నట్టు చెప్పు,” అన్నాడు సుబ్బరాయుడు.

గరగరల మధ్య కానిస్టేబులు గొంతు నవ్వుతోంది. “సగం దాటి నింపానని పెద్ద పంతులమ్మగారికి చెప్పమాకే, తిట్టుద్ది, అన్నాడండి.”

భారతీదేవి జీపు రేకుని పట్టుకుని నిలబడింది. నిన్నటి నుంచీ కాగితం తప్పులు దిద్దుకుంటూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారి కళ్ళలోకి వచ్చేసింది. “తిడతాను,” అంది, కళ్ళు తుడుచుకుంటూ. “కాలు అతుక్కున్నాక తిడతాను వాణ్ణి.”

కల్యాణమండపం అరుగు మీద జనం, మైదానం ఖాళీ. అది చూసి జగన్నాథరావు వేదిక దిగి, ఖద్దరు కండువా సర్దుకుంటూ విసవిసా వచ్చాడు. వెనక పదిమంది.

“ఏమయ్యా ఇన్‌స్పెక్టరూ! పెద్దాయన కారు కీసర దాటిందట. జనాన్ని లేపేశావేం? కోర్టుకి తీసుకెళ్ళాల్సిన మనిషిని ఇక్కడ ఊరేగిస్తున్నావేం?”

సుబ్బరాయుడు టోపీ సవరించుకున్నాడు.

“ప్రెసిడెంటుగారూ,” అన్నాడు.

“ఆఁ, చెప్పు,” అన్నాడు జగన్నాథరావు.

“మిమ్మల్ని కాదండీ.” సుబ్బరాయుడు పక్కకి తిరిగాడు. “ప్రెసిడెంటుగారూ, కోర్టులో మీ సంగతి నేనే మనవి చేస్తా. మీరొక్క పదినిమిషాలు వచ్చి కూర్చుంటే చాలు, తర్వాత జీపు మిమ్మల్ని ఆస్పత్రి దగ్గర దించుద్ది. ఈయన్ని నేను నడిపించి తీసుకొస్తా.”

భారతీదేవి వెనక్కి తిరిగి చూసింది, ఎవర్ని పిలిచాడా అని. వెనక ఎవరూ లేరు. కృపారావు ఒక్కడే నిలబడి, ఆమె ఎక్కడానికి జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు.